చిన్న ఆంప్‌కి నిండు గొంతు రాదని ఎవరన్నారు?

గిటార్ వాయించేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా ఏళ్లుగా తిరుగుతోంది. పది, పదిహేను వాట్ల కాంబో (ఆంప్లిఫయర్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే ఆంప్) కొన్న కుర్రాడెవరైనా "అన్నా, సౌండ్ పీలగా వస్తోంది, ఏం చేయాలి?" అని అడగడం ఆలస్యం, అదే దిగుతుంది. సారాంశం ఇది: నిండుదనం వాట్స్‌లో ఉంటుంది, చిన్న ఆంప్‌లో బాడీ రాదు. ఉన్నదాంట్లో కావాలంటే బేస్ (అడుగు స్వరాల) నాబ్ పూర్తిగా తిప్పు, మిడ్ (మధ్య స్వరాలు) తగ్గించు. వెచ్చని టోన్ ట్యూబ్ ఆంప్‌లోనే (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేది) వస్తుంది. పన్నెండు ఇంచుల స్పీకర్ లేకపోతే దండగ. కాబట్టి ఉన్నది అమ్మేసి పెద్దది కొనుక్కో.

ఇందులో ఒకటిన్నర మాట నిజం. మిగతాది నమ్మి నాకు తెలిసిన ముగ్గురు పెద్ద ఆంపులు కొన్నారు. మూడూ అపార్ట్‌మెంట్లలో వాల్యూమ్ ఒకటి మీద మూలుగుతున్నాయి.

మొదట వాట్స్ సంగతి. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. 15 వాట్ల నుంచి 30కి వెళ్తే "కొంచెం పెరిగినట్టుందే" అనిపిస్తుంది, అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. అంటే 10 వాట్ల ఆంప్ మోత రెట్టింపు కావడానికి 100 వాట్లది కొనాలన్నమాట. ఈ లెక్కలో అందరూ మర్చిపోయేది స్పీకర్‌ని. స్పీకర్ వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక్క వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిచిన మోత అది. సెలెస్టియన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్‌కి 98 డెసిబెల్స్, అదే కంపెనీ వింటేజ్ 30కి 100. ఉన్న స్పీకర్ కన్నా ఆరు డెసిబెల్స్ ఎక్కువున్నది తగిలిస్తే, ఆంప్‌ని ముట్టుకోకుండానే వాట్స్ నాలుగింతలు చేసినట్టు. ఒక్క వాట్‌కి 98 డెసిబెల్స్ అంటే ఎంతో తెలుసుకోవాలనుంటే రాత్రి పదింటికి వాయించి చూడండి. కింద ఫ్లాట్ ఆంటీ వచ్చి చెబుతారు.

ఇక వాట్స్ లేకపోతే నిండుదనం రాదనేవాళ్లకి క్వీన్ బ్యాండ్ కథ ఒకటి. ఆ బ్యాండ్ బేసిస్ట్ జాన్ డీకన్‌కి చెత్తలో ఒక సర్క్యూట్ బోర్డు దొరికింది. దాన్ని ఇళ్లలో అలమరాలో పెట్టుకునే రకం స్పీకర్ పెట్టెలో బిగించాడు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఆంప్ తయారైంది. దాని శక్తి ఒక వాట్ అటూ ఇటూ. అందులో ఉన్నవి ట్రాన్సిస్టర్లు, ట్యూబు ఒక్కటీ లేదు. బ్యాండ్ గిటారిస్ట్ బ్రయన్ మే దాని ముందు ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలను పెంచే పెట్టె) పెట్టి, మైకు పెట్టి, ఒకదాని మీద ఒకటి పొరలుగా రికార్డ్ చేసేవాడు. క్వీన్ రికార్డుల్లో ఆర్కెస్ట్రాలా పలికే గిటార్ పొరలు ఎన్నో ఆ పెట్టెలోంచి వచ్చినవే. 1968లో లండన్‌లో లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్‌కి ఆ బ్యాండ్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ వాడింది కూడా పెద్ద గోడలాంటి ఆంప్ కాదు, సుప్రో అనే కంపెనీ కాంబో ఒకటి.

అవన్నీ స్టూడియోలో కదా అంటారు. అవును, స్టూడియోలోనే. నిజమైన మాట ఇక్కడ ఒకటుంది: డ్రమ్మర్ పక్కన నిలబడి, సౌండ్ పగలకుండా క్లీన్‌గా వినిపించాలంటే 10 వాట్లు చాలవు. కానీ మన కుర్రాళ్లలో చాలామంది వాయించేది చర్చిలో, కాలేజీ ఫెస్ట్‌లో, పెళ్లి ఆర్కెస్ట్రాలో. అక్కడ ఎలాగూ మైకులుంటాయి, మిక్సర్ ఉంటుంది. ఆంప్ ముందు ఒక ఎస్‌ఎమ్ 57 లాంటి మైకు పెడితే టోన్ చిన్న పెట్టె ఇస్తుంది, మోత హాల్ స్పీకర్లు ఇస్తాయి.

అసలు కీడు చేసేది బేస్ పూర్తిగా తిప్పమనే సలహా.

గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, వేలు నొక్కకుండా మీటితే 82 హెర్ట్జ్, అంటే సెకనుకు 82 కంపనాలు. ఆరు, ఎనిమిది ఇంచుల స్పీకర్ చిన్న పెట్టెలో ఆ స్వరాన్ని దాదాపు పలకలేదు. పలకలేని చోట మీరు బేస్ పెంచితే కోన్ (స్పీకర్లో ఊగే కాగితపు గరాటు) ముందుకీ వెనక్కీ ఊగుతుంది గానీ చెవికి స్వరం చేరదు. ఉన్న కాస్త శక్తీ ఆ ఊగులాటకే పోతుంది, మిగతా స్వరాలు కూడా నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వస్తాయి. మరి ఆ స్పీకర్లో లావు తీగ ఎలా వినిపిస్తోంది? తీగ 82తో పాటు 165, 247, 330 దగ్గర కూడా మోగుతుంది. ఆ పై స్వరాలు వింటే చాలు, కింది స్వరాన్ని మన బుర్రే పూరించుకుంటుంది. అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్‌లో వివిధభారతి విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. ఆ స్పీకర్‌కి బేస్ గిటార్ అడుగు స్వరం పలికే స్తోమతే లేదు, అయినా పాటలో బేస్ ఎటు నడుస్తోందో మనకు తెలిసేది. చిన్న ఆంప్‌లో నిండుదనం ఉండేది అక్కడే, 150 నుంచి 500 మధ్య. ఆ ప్రాంతాన్ని ఎక్కువగా శాసించేది మిడ్ నాబ్. దాన్నే తగ్గించమంటున్నారు!

మిడ్ తగ్గిస్తే గదిలో బాగుంటుంది, కాదనను. దానికీ కారణం ఉంది. మోత తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ సరిగ్గా ఆనదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. పాత స్టీరియోల మీద లౌడ్‌నెస్ అని ఒక బటన్ ఉండేది, అది ఈ లోటు పూడ్చడానికే. అందుకే ఇంట్లో బేస్, ట్రెబుల్ పెంచి మిడ్ గుంట చేస్తే పసందుగా ఉంటుంది. అదే సెట్టింగ్‌తో బ్యాండ్‌లోకి వెళ్లండి. కింద బేస్ గిటార్, కిక్ డ్రమ్, కీబోర్డ్ ఎడమ చెయ్యి కాచుకుని ఉంటాయి. పైన సింబల్స్. మీకు మిగిలిన చోటల్లా మధ్యలో, దాన్ని మీరే ఖాళీ చేసి వచ్చారు. ఇంకో సంగతి: ఫెండర్ కంపెనీ ఆంపుల తరహా టోన్ సర్క్యూట్లలో మూడు నాబ్‌లూ సగానికి పెట్టినా మిడ్ అప్పటికే గుంటపడి ఉంటుంది. సగం అంటే సమానం అనుకోవద్దు.

మా వీధి చివర చర్చిలో వాయించే తమ్ముడొకడు ఆ మధ్య ఆంప్ అమ్మిపెట్టమని ఇంటికి తెచ్చాడు. ఎనిమిది ఇంచుల స్పీకర్, పదిహేను వాట్లు. గది మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి వాయించాడు. గెయిన్ (సౌండ్ ఎంత పగలాలో తేల్చే నాబ్) ఎనిమిది, బేస్ పది, మిడ్ రెండు. ఇ కార్డ్ కొట్టగానే తడిసిన డప్పు మీద కొట్టినట్టు 'బ్బుర్' మంది. నేను చేసిందల్లా ఆంప్‌ని కింద గచ్చు మీద పెట్టి గోడవైపు జరపడం, గెయిన్ నాలుగుకి, బేస్ నాలుగుకి దించి మిడ్ ఏడుకి పెంచడం. మళ్లీ అదే కార్డ్ కొట్టాడు. ఆగి, కేబుల్ వెంట చూపు పోనిచ్చి, "అన్నా, మధ్యలో సౌండ్ మార్చే పెడల్ ఏమన్నా పెట్టావా?" అన్నాడు.

గెయిన్ తగ్గించడం చాలామందికి మింగుడుపడదు. గెయిన్ పెరిగేకొద్దీ మీటు దెబ్బ చదునైపోయి, ప్రతి స్వరం ఒకే మందంలో ఇసుక పోసినట్టు వస్తుంది. సగానికి తగ్గించి, చేత్తో కాస్త గట్టిగా మీటితే తీగ బరువు తెలుస్తుంది.

ఇక నేల, గోడ. గచ్చు మీద పెడితే బేస్ ఊరికే వస్తుంది, కుర్చీ ఎక్కిస్తే కొంత పోతుంది. గోడ కూడా అంతే, మూల ఇంకా ఎక్కువ. కానీ ఆంప్ వెనక చెక్క సగమే ఉంటే, అంటే ఓపెన్ బ్యాక్ అయితే, ఒక కిటుకుంది. కోన్ ముందుకొచ్చినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. 82 హెర్ట్జ్ తరంగం పొడవు నాలుగు మీటర్ల పైనే. అంత పొడుగాటి తరంగానికి అడుగున్నర పెట్టె అడ్డే కాదు, వెనకది చుట్టూ తిరిగొచ్చి ముందుదాన్ని తినేస్తుంది. అలాంటి ఆంప్‌ని గోడకు పూర్తిగా ఆనించకుండా, జానెడు జానెడు జరుపుతూ వినండి. ఒక చోట టక్కున నిండుతుంది.

కింద పెడితే ఒక ఇబ్బంది ఉంది. ట్రెబుల్ టార్చిలైట్ వెలుగులా తిన్నగా పోతుంది. మీరు నిలబడి వాయిస్తే అది మీ మోకాళ్లకు తగులుతుంది, చెవికి చేరదు. మీరేమో ట్రెబుల్ పెంచుతారు, ముందు వరుసలో కూర్చున్నవాళ్ల చెవుల్లో సూదులు గుచ్చుకుంటాయి. ముందు అంచు కింద ఒక ఇటుక ముక్క పెట్టి వెనక్కి వాల్చండి. మొదటిసారి విన్నప్పుడు మీ టోన్ మీకే భయం వేస్తుంది. మంచిదే, ఇన్నాళ్లూ వాళ్లు విన్నది అదే.

ట్యూబ్ గురించి ఎక్కువ చెప్పను. చిన్న ట్యూబ్ ఆంప్‌ని బాగా పెంచితే వచ్చే మజా వేరు, నాకూ ఇష్టమే. కానీ నిండుదనానికి ట్యూబ్ తప్పనిసరి అయితే, 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 అనే ట్రాన్సిస్టర్ ఆంప్ ఇన్నేళ్లపాటు స్టేజీల మీద నిలిచేది కాదు.

స్పీకర్ సైజు మాట సగం నిజం. పన్నెండు ఇంచుల స్పీకర్, దానికి తగ్గ పెట్టె ఉంటే తేడా నిజంగానే ఉంటుంది. అయితే దానికి ఆంప్ అమ్ముకోనక్కర్లేదు. మీ కాంబో వెనక స్పీకర్ అవుట్ ఉందేమో చూడండి. ఉంటే దాన్నే రిహార్సల్ గదిలో ఉన్న పెద్ద స్పీకర్ క్యాబినెట్‌కి కలిపి వినండి, పదిహేను వాట్లకు పెద్దరికం వస్తుంది. జాగ్రత్త మాత్రం తప్పదు. ఆంప్ మీద స్పీకర్ నిరోధం 8 ఓమ్స్ కనీసం అని రాసి ఉంటే 4 ఓమ్స్ క్యాబినెట్ తగిలించొద్దు. రెండు 8 ఓమ్స్ స్పీకర్లు పారలల్‌గా (సమాంతరంగా) కలిపితే 4 అవుతుందని గుర్తుంచుకోండి. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా ఆన్ చేయొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. హెడ్‌ఫోన్ జాక్‌ని స్పీకర్ అవుట్ అనుకుని క్యాబినెట్ పెట్టేవాళ్లూ ఉన్నారు, ఆ పని చేయకండి.

ఆ తమ్ముడు ఆంప్ అమ్మలేదు. మొన్న ఆదివారం చర్చికి వెళ్తే చూశాను, అది మళ్లీ కుర్చీ ఎక్కింది. కాకపోతే ఈసారి వెనక్కి వాల్చి ఉంది, ముందు మైకు కూడా ఉంది. బేస్ నాబ్ మాత్రం ఆరు మీద ఉంది. పోనీలే అని ఊరుకున్నాను.