ఆశా కార్యకర్తల వయసుపై ఒక వినతి

ఆశా కార్యకర్తగా తీసుకునే మనిషికి 25 నుంచి 45 ఏళ్ల మధ్య వయసుండాలని జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వాళ్లు మొదట్లోనే రాసిపెట్టారు. మంచి ముందుచూపే. కాకపోతే అలా చేరిన మనిషికి ఏటా ఒక్కో ఏడు మీద పడుతుందని అప్పట్లో ఎవరికీ తట్టినట్టు లేదు. 2006 ప్రాంతంలో నలభైల్లో చేరినవాళ్లు ఇప్పుడు అరవైకి వచ్చేశారు. ఈ క్రమశిక్షణారాహిత్యాన్ని అధికారులు తీవ్రంగా పరిగణించాలి.

కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇలాంటి అప్పలకి, అంటే అక్కలకి, ఏ ఇంట్లో ఎవరి కాళ్లు వాచాయో, ఎవరి క్రియాటినిన్ ఎంతకి ఎక్కిందో, ఆటో డబ్బుల్లేక డయాలసిస్‌కి ఎవరు ఎగ్గొట్టారో అంతా నోటికి వచ్చు. ఫోన్‌లో నింపి 'సింక్' నొక్కితే తప్ప నోటికి వచ్చింది ప్రభుత్వ పోర్టల్‌కి ఎక్కదు గనక వాళ్లకి పని రాదని తేలింది.

మీటింగు రోజున చూడాలి. ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) అమ్మాయి ఫోన్ చూపించి, "అప్పా, మీ సర్వే పెండింగ్ అని వస్తోంది" అంటుంది.

"అదేటమ్మా, నిన్ననే అన్ని గడపలూ తిరిగొచ్చినాను కదా."

"తిరిగారు సరే, సింక్ కొట్టారా?"

"ఎవుల్ని కొట్టాల?"

ఆ అమ్మాయిని అనడానికీ లేదు. సాయంత్రం జూమ్‌లో పైవాళ్లు ఇదే ప్రశ్న తనని అడుగుతారు. ఆస్పత్రుల్లోనూ ఇదే వరస. నైట్ డ్యూటీ కొత్త నర్సుకి వేస్తే "చిన్నపిల్లవి, ఓపికుంటుంది" అంటారు. పాత నర్సుకి వేస్తే "సీనియర్‌వి, నీకు అలవాటే కదా" అంటారు.

అర్ధరాత్రి ఊళ్లోవాళ్లని కాన్పుకి 108 ఎక్కించే మనిషికి, తన మొదటి రెండు కాన్పులకీ జీతంతో 180 రోజుల సెలవు ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించింది. అప్పటికి మొదటి బ్యాచ్ వాళ్లు అమ్మమ్మలైపోయారు. అయినా వాళ్లని మరిచిపోలేదు లెండి. అదే ప్రకటనలో రిటైర్మెంట్ వయసు 62కి పెంచారు. చిన్నవాళ్లకి సెలవు, పెద్దవాళ్లకి ఇంకొన్నాళ్లు సింక్.

కాబట్టి నా వినతి ఏమిటంటే, ఆశాలందరి వయసునీ 35 దగ్గర ఆపేయాలి. అప్పటికి పిల్లలు బడికి పోతుంటారు, మోకాళ్లు మాట వింటాయి, ఫోన్ వాడటం వస్తుంది, ఎదురు మాట్లాడే ధైర్యం ఇంకా రాదు. ఈ ఆఖరిది ముఖ్యం. యాభై దాటినవాళ్లు కలెక్టరేట్ ముందు టెంటు వేసుకుని కూర్చుంటున్నారు. అధికారులకి మాత్రం ఏ పరిమితీ అక్కర్లేదు. ఊరు వాళ్ల మొహం గుర్తుపట్టేలోపే బదిలీ అయిపోతారు.

వయసు ఆపే మందు దొరికేదాకా తాత్కాలికంగా, ఇంట్లో ఇంటర్ చదివే మనవరాలు సింక్ కొట్టవచ్చని ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. చాలా ఇళ్లలో ఆ పని ఎలాగూ ఆ పిల్లే చేస్తోంది. జీతం అడగలేదు కాబట్టి రికార్డుల్లో లేదు.