నెలకో పుస్తకం సవాలు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నెలవారీ పఠన సవాలు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

కొత్త సంవత్సరపు జాబితాలో నా పేరు కూడా చేర్చుకున్నట్టు తమరు పంపిన వర్తమానం అందింది. పన్నెండు నెలలకు పన్నెండు అంశాలు, అంశానికో పుస్తకం, పుస్తకానికో గడి, గడిలో పడవలసిన టిక్కు, అన్నీ చూసుకున్నాను. ఒక్క పేజీ అయినా తిప్పకముందే తమరు నన్ను అభినందించారు. ఆ అభినందన వెనకే రంగు కాగితం ముక్కలు తెర నిండా రాలిపడ్డాయి. పుస్తకం ఆసాంతం చదివిన రోజున కూడా నాకెవరూ ఇంత సంబరం చేయలేదు కనుక, చేరడంతోనే సగం ఫలం దక్కిందని భావించి, మిగిలిన సగం గురించి కొన్ని సంగతులు తమ దృష్టికి తేదలచి ఈ లేఖ రాస్తున్నాను.

తమ లెక్కలో తప్పు పట్టడానికి వీల్లేదని మొదటే చెప్పుకోవడం న్యాయం. మార్క్ బ్రిస్‌బార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2019లో, అంతకుముందు జరిగిన 190 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసి, పెద్దవాళ్లు ఇంగ్లీషు కథాసాహిత్యాన్ని మనసులో చదువుకునేటప్పుడు నిమిషానికి సగటున 260 పదాలు చదువుతారని తేల్చాడు. ఆ ప్రకారం 78,000 పదాల నవలకు ఐదు గంటలు చాలు. ముప్పై రోజులకు పంచితే రోజుకు పది నిమిషాలు. తెలుగు మాటలు ఒకదానితో ఒకటి అతుక్కుని పొడవుగా సాగుతాయి కనుక ఈ అంకె మనకు యథాతథంగా వర్తించదు, అయినా వరస అదే. నెలకు 720 గంటలున్న మనిషి అందులో ఐదు గంటలు పుస్తకానికి ఇవ్వలేనంటే వినేవాళ్లకు నవ్వులాటగానే ఉంటుంది. అయితే ఈ లెక్కంతా కళ్లు కదులుతున్నంతసేపే నడుస్తుంది. నలభయ్యో పేజీలో ఒక పాత్ర అన్న మాట ఎక్కడో గుచ్చుకుని, పుస్తకం ఒడిలో బోర్లించి, అరగంట సేపు ఎటో చూస్తూ కూర్చున్న పాఠకుడు ఆ అరగంటలో నిమిషానికి సున్నా పదాల వేగంతో చదివినట్టు. తమ పద్దులో అది బకాయి. చదవడమంటే అసలు ఆ అరగంటేనని అనుకునే చాదస్తులు కొందరున్నారు, వాళ్లలో నేనూ ఒకరిని. కానీ దానికి తమరు గడి గీయలేదు.

తమ చలవ వల్ల నాకు అబ్బిన తొలి విద్య, పుస్తకాన్ని పక్కనుంచి చూడటం. పూర్వం అలమర ముందు నిలబడితే చూపు పేరు మీదికీ రచయిత మీదికీ పోయేది; ఇప్పుడు తిన్నగా మందం మీదికి పోతోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి అంచనా కట్టి, ఆనక తెరిచి, అక్షరాల పరిమాణాన్నీ, అంచుల్లో వదిలిన ఖాళీనీ, అధ్యాయానికీ అధ్యాయానికీ నడుమ విడిచిన తెల్లకాగితాన్నీ పెళ్లిచూపులంత శ్రద్ధగా పరిశీలిస్తాను. నెల ఇరవై తొమ్మిదో తేదీ రాత్రికి ఈ విద్య పరాకాష్ఠ నందుకుంటుంది. నవలలో తల్లీ కూతుళ్లు ఏళ్ల తరబడి మాటల్లేక, చివరికి ఒక గుమ్మం దగ్గర ఎదురుపడి, ఒకరి ముఖం ఒకరు చూడలేక నిలబడి ఉంటారు. వాళ్లను అక్కడే నిలబెట్టి నేను పుస్తకం చివరికి వెళ్లి ఇంకా ఎన్ని పేజీలు మిగిలాయో చూసుకుంటాను. అరవై రెండు. గుండె జారుతుంది. ఆ చివరి పేజీలనే ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పితే, వాటిలో పద్నాలుగు ప్రచురణకర్తలు వేసిన ఇతర పుస్తకాల జాబితా అని తెలుస్తుంది. ఆ నవల మొత్తంలో నాకు ఒళ్లు పులకరించిన ఘట్టం అదే. నేను తిరిగి వచ్చేసరికి తల్లీ కూతుళ్లు పాపం ఇంకా అలాగే నిలబడి ఉంటారు. వాళ్ల కన్నీళ్ల మీదుగా పేరాలు దాటుకుంటూ, సంభాషణలున్న చోట మాత్రం కాస్త ఆగుతూ, తెల్లారేలోపు గట్టెక్కుతాను.

తమ చట్టంలో అరవై పేజీల చిన్న పుస్తకమూ ఒకటే, పన్నెండు వందల పేజీల మహానవలా ఒకటే. టాల్‌స్టాయ్ ‘యుద్ధము - శాంతి’లో 361 అధ్యాయాలున్నాయి, రోజుకొక అధ్యాయం చొప్పున ఏడాది పొడవునా దాన్ని చదివే ఓపికగల బృందాలు లోకంలో ఉన్నాయి. అలాంటి పాఠకుడు తమ పరిధిలోకి వస్తే పదకొండు నెలల పాటు సున్నాతో నెట్టుకొచ్చి, డిసెంబరు ఆఖరి వారంలో ఒక్క టిక్కు సంపాదించుకుని, పన్నెండు సన్నపాటి పుస్తకాలు ముగించిన నావంటి మేధావుల సరసన తలవంచుకుని నిలబడాలి. మన భారతం సంగతి ఎత్తకపోవడమే మంచిది. దాన్ని చదవడం మాట అటుంచి, తెలుగు చేయడమే పదకొండో శతాబ్దంలో నన్నయతో మొదలై, పదమూడో శతాబ్దంలో తిక్కన చేతికి వచ్చి, అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన పూరించేదాకా సాగింది. ఆ రోజుల్లో తమరే ఉండి ఉంటే, “మీరు నిర్ణీత ప్రణాళిక కంటే మూడు వందల ఏళ్లు వెనకబడి ఉన్నారు” అని ఎఱ్ఱన గారికి ప్రతి సోమవారం ఉదయం ఒక హెచ్చరిక వెళ్లేది.

ఇక అంశాల విషయం. అనువాద సాహిత్యం, నాటకం, పాఠకుడు పుట్టకముందు వెలువడిన పుస్తకం వంటివి తమ జాబితాలో చూసినప్పుడు తమ మీద నాకు నిజంగానే గౌరవం కలుగుతుంది. ఇష్టానికి వదిలేస్తే పాఠకుడు నచ్చిన ఒకరిద్దరు రచయితల చుట్టూనే తిరుగుతాడు. నాటకాన్ని కూర్చుని చదువుకోవచ్చన్న ఆలోచన తమరు చెప్పేదాకా చాలామందికి తట్టదు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! అట్ట నీలం రంగులో ఉన్న పుస్తకం, పేరులో అంకె ఉన్న పుస్తకం అని మొదలుపెట్టేసరికి, తమ దగ్గర అంశాలు అయిపోయాయనీ నెలలు ఇంకా మిగిలాయనీ తేటతెల్లమవుతుంది. నెమలికంఠపు రంగును నీలం కింద జమకట్టవచ్చా అన్న విషయం మీద సభ్యుల మధ్య సాగినంత లోతైన చర్చ ఆ అట్టల లోపలి సాహిత్యం మీద నేనెన్నడూ వినలేదు. ఒకే పుస్తకం రెండు గడులకు చెల్లుతుందా, ఆడియో పుస్తకం విన్నా చదివినట్టేనా అన్న ధర్మసందేహాలు కూడా ఏటా తీరకుండా మిగిలిపోతున్నాయి. వినడమూ చదవడమేనని నా తీర్పు. కాకపోతే నెలాఖరు తొందరలో రెట్టింపు వేగం మీద పెట్టి వింటే, నాయిక తుదిశ్వాస విడుస్తూ పలికే మాటలు కూడా వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టే వినిపిస్తాయి.

తమ అన్నగారైన వార్షిక సవాలు గారు పాఠకులు తాము చదివిన పుస్తకాల పద్దు రాసుకునే గుడ్‌రీడ్స్ అనే వెబ్‌సైట్ వేదిక మీద 2011లో అవతరించారు. ఆయనది కాస్త దయగల హృదయం: ఏడాదికి ఎన్ని చదవాలో పాఠకుడే చెప్పుకోవచ్చు, నవంబరులో భయం పుడితే ఆ అంకెను చడీచప్పుడు లేకుండా తగ్గించుకోనూ వచ్చు. తమరు అలా కాదు. నెల దాటితే గడి మూసేస్తారు, నెల రాకముందు తెరవరు. ఫిబ్రవరి పుస్తకాన్ని జనవరిలోనే ముగిస్తే చెల్లదన్న తమ నిబంధనకు కట్టుబడి, హంతకుడు ఎవరో బయటపడే ఆఖరి అధ్యాయాన్ని ఒకటో తేదీ కోసం అట్టిపెట్టుకున్న నిష్ఠాపరులు మా మధ్య ఉన్నారు. జనవరి పుస్తకం పదో తేదీకే అయిపోయిన వాళ్లు మిగిలిన మూడు వారాలూ పుస్తకం జోలికి పోకుండా హాయిగా ఉన్నారు, ఎందుకంటే చదివినా జమ పడదు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే బంగారు ముద్రా రిబ్బనూ ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ఆశ చూపి గీయించారు. తర్వాత కొన్నాళ్లకు, ఏ బహుమతి మాటా లేకుండా రంగు కలాలను పిల్లల మధ్య పెట్టినప్పుడు, ఆశ చూపినవాళ్లు మిగతావాళ్లు గీసిన సమయంలో దాదాపు సగం సేపే గీశారట. తమరు నెలాఖరున నా పేరు పక్కన అతికించే పతకంలో కూడా బంగారు ముద్ర ఉంది. రిబ్బను ఉందో లేదో పెద్దది చేసి చూశాను, ఉంది.

అందుచేత నా విన్నపం ఒక్కటే. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన గ్రంథాలయ సూత్రాలు ఐదింటిలో నాలుగోది, పాఠకుడి కాలాన్ని ఆదా చేయమని చెబుతుంది. అది గ్రంథాలయం నడిపేవాళ్లకు చెప్పిన మాటే అయినా, పుస్తకం బాగాలేదని యాభయ్యో పేజీలో గ్రహించి మూసేసిన పాఠకుడు కూడా దాన్ని అక్షరాలా పాటిస్తున్నట్టే లెక్క. తమరు మాత్రం అతన్ని ఓడిపోయినవాడి కింద రాసి, అదే పుస్తకాన్ని పళ్లబిగువున చివరిదాకా లాగి, తెల్లవారాక ఒక్క పాత్ర పేరైనా గుర్తులేని నాకు పతకం ఇచ్చారు. కనుక ఏడాదిలో ఒక నెలను, మధ్యలో వదిలేసిన పుస్తకాల కోసం కేటాయించవలసిందిగా కోరుతున్నాను. ఎక్కడ వదిలేశాం, ఎందుకు వదిలేశాం అన్నది నాలుగు వాక్యాల్లో రాసినవారికి టిక్కు ఇవ్వండి. పుస్తకం మొత్తం చదివినట్టు నటించడం కంటే ఆ నాలుగు వాక్యాలు రాయడం కష్టం, ఎందుకంటే కనీసం యాభై పేజీలు మనసుపెట్టి చదివి ఉండాలి. వీలైతే ఇంకో నెలను, ఇదివరకు చదివిన పుస్తకాన్నే మళ్లీ చదువుకోవడానికి ఇవ్వండి. అప్పుడైనా ఆ తల్లీ కూతుళ్లు గుమ్మం దగ్గర ఏం మాట్లాడుకున్నారో నాకు తెలిసే అవకాశముంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ ఏటి జాబితాలో తమ విధేయ సభ్యుడు

తా.క.: ఫిబ్రవరికి రోజులు తక్కువ కనుక కవితా సంపుటి ఎంచుకున్నాను. కుడి పేజీలో ఐదారు పంక్తులకు మించి లేవు, ఎడమ పేజీలన్నీ రేఖాచిత్రాలే. చిత్రాలను చూడటం కూడా చదవడం కిందికే వస్తుందని నిబంధనల్లో స్పష్టంగా చేర్పించగలరు. పేజీలకు కనీస పరిమితి ఏదైనా పెట్టే ఉద్దేశం ఉంటే, దాన్ని మార్చి నుంచి అమలు చేయండి.