సీటొచ్చే ఆట ఏదైనా ఉంటే చెప్పండి మేష్టారూ

మా ఊరి లాకుల వంతెనకి కొత్త ఫ్లెక్సీ కట్టారు. నాయకుల పుట్టినరోజుల మధ్య అక్కడ జానెడు జాగా దొరకడమే కష్టం, అయినా దొరికించుకున్నారు. అందులో రెండో తరగతి చదివే ఒక బాబు. మెళ్ళో పతకం, చేతిలో బ్యాడ్మింటన్ రాకెట్టు. కింద ఎర్రక్షరాలతో "కాబోయే ఐఐటీయన్, స్పోర్ట్స్ కోటా". ఆ కింద శుభాకాంక్షలు తెలుపువారు: తాతగారు, ఇద్దరు మేనమామలు, ఒక ఎరువుల కొట్టు, ఒక రొయ్యల మేత డీలరు. అందరూ నవ్వుతున్నారు, బాబు తప్ప. పాపం, ఫొటో కోసం వాణ్ణి ఎన్నింటికి లేపారో.

దీనికంతటికీ మూలం మద్రాసులో ఉంది. 2024-25 విద్యా సంవత్సరం నుంచి అక్కడి ఐఐటీ ఒక్కో డిగ్రీ కోర్సులో క్రీడాకారుల కోసం రెండేసి సీట్లు అదనంగా పెట్టింది, అందులో ఒకటి ఆడపిల్లలకి. మంచి పనే. కానీ ఆ కబురు ధవళేశ్వరం బ్యారేజీ దాటి, కాలువల్లో పడి మా దాకా వచ్చేసరికి "ర్యాంకు అక్కర్లేదంట, ఆటొస్తే చాలంట" అయి కూర్చుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరుండాలన్న ముక్క, జాతీయ స్థాయిలోనో ఆపైనో పతకం కొట్టి ఉండాలన్న ముక్క దారిలో ఎక్కడో గుర్రపుడెక్కలో చిక్కుకుపోయాయి.

ఇంకేముంది. నిన్నటిదాకా పిల్లాడి బంతిని అటక మీద దాచిన తండ్రులంతా వ్యాయామ ఉపాధ్యాయుల వెంటపడ్డారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "మేష్టారూ, తక్కువమంది ఆడే ఆట ఏదండీ?" కబడ్డీ అంటే మొహం చిట్లిస్తారు, మోకాళ్ళు చెక్కుకుపోతాయట. వాలీబాల్ అంటే ఎత్తు చాలదు. ఈత అనగానే మాత్రం ఒకాయన కళ్ళు మెరిశాయి. ఆయన ఇంటి ముందే కాలువ. గట్టు దిగితే చర్మం వలిచేస్తానని కొడుకుని బెదిరిస్తూ వచ్చింది కూడా ఆయనే. ఇప్పుడు నీలం రంగు టైల్సున్న స్విమ్మింగ్ పూల్ కావాలి, కోచ్ కావాలి. పోనీ సెలవుల్లో కాలువలోనే నేర్పించండి అన్నాం. "వేసవిలో కాలువలు కట్టేస్తారు కదండీ, పిల్లల భవిష్యత్తు గురించి ఇరిగేషన్ వాళ్ళకి బాధ్యత లేదాండీ?" అన్నాడు. ఆయ్, లేదండీ. వాళ్ళు వరి గురించే ఆలోచిస్తున్నారు.

అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరు కూడా ఈ గోలలో నలుగుతోంది. చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. 2023లో గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్‌కి ఎక్కాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇంట్లో ఆట ఉంది, ఆట అంటే గౌరవం ఉంది. మావాళ్ళు ఈ కథంతా శ్రద్ధగా విని, చివర్లో "ఆ రాకెట్టు ఏ కంపెనీదండీ?" అని అడిగారు.

భీమవరం చుట్టుపక్కల సంక్రాంతి పందేలకి దింపే డేగ, నెమలి రకం పుంజులకి ఏడాదంతా బాదం పప్పు పెట్టి పెంచుతారు. మా పిల్లలకీ అంతే మర్యాద. కాకపోతే కోడి బరిలో దిగేది పండగ మూడు రోజులే, వీళ్ళకి ఆదివారాలతో సహా బరే.

ఆ బరి ఎలా ఉంటుందో చూడాలంటే మా దగ్గరి ఒక బడి క్రీడా దినోత్సవానికి రావాలి. ఆ బడికి మైదానం లేదు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో రాసుంది గానీ, మూడంతస్తుల బడి మేడ మీంచి చూస్తే ఆ పేజీ కనబడదు. అంచేత రైసు మిల్లు సిమెంటు కళ్ళం అడిగి పుచ్చుకున్నారు. ఒక పక్క ఆరబోసిన ధాన్యం, ఇంకో పక్క సున్నంతో గీసిన ఆరు లైన్లు. మొదటి అంశం, యూకేజీ పిల్లలకి నిమ్మకాయ-చెంచా పరుగు.

మీరు నవ్వుతున్నారేమో, ఆ కళ్ళంలో ఎవరూ నవ్వలేదు. చెంచాలన్నీ ఒకే లోతువి కావని ఒక తల్లి అభ్యంతరం చెప్పింది. ఇంకొకావిడ ఇంటి నుంచి సొంత చెంచా తెచ్చింది, "మావాడికి దీంతోనే ప్రాక్టీసండీ" అంటూ. ఒక తండ్రి ముగింపు గీత దగ్గర స్టాండు వేసి సెల్‌ఫోను బిగించాడు. విజిల్ మోగింది. నాలుగడుగులకే రెండు కాయలు కింద పడ్డాయి. ఒక పాప ధాన్యం రాశిని చూసి అటు నడిచి, అందులో కూర్చుని గుప్పెళ్ళతో ఎగరేసుకుంది. ఆ రోజు మొత్తానికి ఆడుకున్నది ఆ పిల్ల ఒక్కతే. మిగతా ముగ్గురిలో ఒకడు ముందు గీత దాటాడు. దాటి, కాలు తట్టుకుని బోర్లా పడ్డాడు. వాడు పడ్డాడు గానీ చెంచాలో నిమ్మకాయ పడలేదు.

పెద్దలు చుట్టూ మూగారు. చెంచా బోర్లించారు, కాయ రాలేదు. దులిపారు, కదల్లేదు. గమ్ము! పిల్లాడి తాతగారు కండువా సర్దుకుని, "ఎండకి కరుచుకుపోయుంటుందండీ" అన్నారు, ఏమాత్రం తొణక్కుండా. రెండో పిల్లాడి తండ్రి ఫోనులో వీడియో ముందుకీ వెనక్కీ లాగుతూ "ఇదిగో, ఇక్కడాపండి, చెయ్యి వంగింది, కాయ వంగలేదు" అని ఊరందరికీ చూపించాడు. కరస్పాండెంటు గారు వచ్చి ఇద్దరికీ మొదటి బహుమతి అన్నారు. ఉమ్మడి బహుమతి జిల్లా స్థాయిలో చెల్లదని మూడోవాడి తండ్రి లాజిక్కు తీశాడు. నిమ్మకాయ పరుగుకి జిల్లా స్థాయి ఎక్కడేడిసింది అని ఒక్కరూ అడగలేదు. చివరికి ముగ్గురికీ ప్రథమ బహుమతి, కాయలు పారేసుకున్నవాళ్ళకి ప్రోత్సాహక బహుమతి, ధాన్యంలో కూర్చున్న పాపకి "విశిష్ట ప్రతిభ". ఆరుగురి సర్టిఫికెట్లూ అప్పటికప్పుడు లామినేషన్‌కి వెళ్ళాయి. గెలిచిన బాబు మాత్రం ఆ నిమ్మకాయ తనకే ఇవ్వాలని ఏడ్చాడు.

ఆ మిల్లుకి కాస్త దూరంలో జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. అక్కడ మైదానం ఉంది, సర్టిఫికెట్ల గోల లేదు. లంక నుంచి పడవ దాటి వచ్చే ఆడపిల్లలు చెప్పులు గట్టున విడిచి కబడ్డీ ఆడతారు. కూత పెడితే రోడ్డు మీదికి వినబడుతుంది. జిల్లా సెలెక్షన్లకి వెళ్ళాలంటే బస్సు చార్జీలు పీఈటీ సారు జేబులోంచి. వాళ్ళలో అందరికన్నా బాగా ఆడే పిల్ల పది పాసయితే ఏమవుతుందో తెలుసా? ఇంట్లోవాళ్ళు అప్పు చేసి ఇంటర్‌కి హాస్టలు కాలేజీలో పడేస్తారు. తెల్లారుజామున లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు. మైదానం ఉండదు, కిటికీకి గ్రిల్లు ఉంటుంది. నలుగురిని తప్పించుకుని గీత తాకి వచ్చే పిల్లని రెండేళ్ళపాటు కుర్చీకి కట్టేసి, ఆ తరవాత స్పోర్ట్స్ కోటాలో ఆడేవాళ్ళే దొరకడం లేదని మనం బుగ్గలు నొక్కుకుంటాం. సిగ్గుండాలి కదా!

ఒక్క 2022లోనే దేశంలో 13 వేలమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అన్నిటికీ చదువే కారణం కాదు, నిజమే. పరీక్ష తప్పడమే కారణమని రాసుకున్నవి మాత్రం రెండు వేల పైన ఉన్నాయి. ఆ అంకెతో ఏ వంతెన మీదా ఫ్లెక్సీ లేదు. ర్యాంకొచ్చిన పిల్ల మా పిల్లంటే మా పిల్లని రెండేసి కాలేజీలు ఒకే ఫొటో వేసుకుంటాయి. పోయిన పిల్లని మాదేనని ఒక్కడూ అనడు. ఆ పిల్లని నిమ్మకాయ పట్టించి పరిగెత్తించింది ఎవరు? యూకేజీలోనే చెంచాకి గమ్ము రాసింది ఎవరు? తాతగారూ, మిమ్మల్నే.

సర్లెండి, మార్చి వచ్చేసింది. ప్రైవేటు బడి పీఈటీ సారు విజిలు బీరువాలో పెట్టి, కరపత్రాల సంచీ భుజాన వేసుకుని, బండి మీద ఇంటింటికీ అడ్మిషన్లకి తిరిగే కాలం. టార్గెట్ నిండకపోతే జీతం దగ్గర మాటొస్తుంది. మొన్న మా పక్కింటికీ వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఇంటావిడ కరపత్రం రెండు పక్కలా చదివింది.

"స్పోర్ట్స్ సర్టిఫికెట్టు ఇస్తారంట కదండీ?"

"ఆయ్, ఏటా ఇస్తామండీ."

"ఆటలు మాత్రం ఆడించరు కదా? పిల్లాడు ఎండకి నల్లబడిపోతాడు."

"అబ్బే, ఆడించమండీ."

"అయితే ఫీజు ఎంతో చెప్పండి."