అచ్చు కాగితం మీద సంతకం

విదేశాల్లో కొన్న నగలతో తిరిగి వచ్చిన ప్రయాణికుల చేత మన విమానాశ్రయాల్లో కస్టమ్స్ అధికారులు ఒక కాగితం మీద సంతకం చేయిస్తూ వచ్చారు. నాకు షోకాజ్ నోటీసు అక్కర్లేదు, నా మాట వినే విచారణ కూడా అక్కర్లేదు అన్నది అందులోని సారాంశం. ఆ మాటలు ప్రయాణికుడు రాసినవి కావు. అతను విమానం దిగకముందే, అసలు టికెట్టు కొనకముందే అచ్చయి ఉన్నవి. ఇలాంటి అచ్చు కాగితాలతో హక్కులు వదులుకున్నట్లు భావించడం చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2025లో ఒకటికి రెండుసార్లు తేల్చి చెప్పింది. కోర్టు చెప్పింది కాబట్టి సరిపోయిందని ఊరుకోలేకపోతున్నాం. పౌరుడు తన హక్కును తానే వదులుకున్నట్లు ముందుగానే అచ్చు వేయించి, కట్టలు కట్టి కౌంటర్ కింద పెట్టుకోవాలన్న ఆలోచన ఒక ప్రభుత్వ శాఖకు రావడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

చట్టం ఏమీ దాచలేదు. 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 124వ సెక్షన్ ప్రకారం ఎవరి సరుకునైనా జప్తు చేయాలంటే కారణాలు చెబుతూ నోటీసు ఇవ్వాలి, జవాబు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి, వారి వాదన వినాలి. కోరితే నోటీసు నోటిమాటగానూ ఇవ్వవచ్చు. అయితే ఆ కోరిక సరుకు యజమానిది కావాలి. స్వాధీనం చేసుకున్న ఆరు నెలల్లోగా, గడువు పొడిగిస్తే మరో ఆరు నెలల్లోగా నోటీసు ఇవ్వకపోతే సరుకు తిరిగి ఇచ్చేయాలని 110వ సెక్షన్ చెబుతోంది. శాఖను తొందరపెట్టే గడియారం ఇదొక్కటే. ఆ అచ్చు కాగితం సరిగ్గా ఈ గడియారాన్నే ఆపుతుంది. ప్రయాణికుడు నోటీసు వద్దన్నాడు కదా, ఇక గడువు ఎక్కడిది అని శాఖ వాదించుకోవచ్చు.

ఆ సంతకం ఏ స్థితిలో పడుతుందో చూడండి. కువైట్‌లో ఎవరి ఇంట్లోనో ఏళ్ల తరబడి వంట చేసి, పిల్లలను పెంచి, తన పిల్లలను ఫోనులో మాత్రమే చూసుకున్న రాయచోటి మహిళ తెల్లవారుజామున విమానం దిగుతుంది. కూతురి పెళ్లికని కొన్న గొలుసు, రెండు జతల గాజులు ఉంటాయి. అధికారి వాటిని చిన్న త్రాసు మీద పెడతారు. చేతికి బిగుసుకుపోయిన గాజు రాకపోతే సబ్బు నీళ్లు తెప్పిస్తారు. బయట అద్దెకు తెచ్చుకున్న కారులో ఇంటివాళ్లు ఎదురుచూస్తుంటారు, ఫోను మోగుతూనే ఉంటుంది. అప్పుడు ఇంగ్లీషులో ఉన్న కాగితం ముందుకు వస్తుంది. సంతకం పెడితే తొందరగా తేలుతుంది, లేకపోతే నెలలు పడుతుంది అన్న మాట చాలు, ఆమె పెట్టేస్తుంది. ఆ కాగితంలో ఏముందో ఆమెకు చదివి వినిపించేవారు ఉండరు. దీన్ని ఇష్టపూర్వకంగా హక్కు వదులుకోవడం అనడానికి మాకు నోరు రావడం లేదు.

బంగారం దొంగ రవాణా నిజం, ముద్దలుగా చేసి శరీరంలో దాచి తెచ్చేవారున్నారు, వారిని పట్టుకోవడం తేలిక పని కాదు అని అధికారులు చెబుతారు. నిజమే. సుంకం కట్టాల్సిన సరుకేమీ లేనివారి కోసం ఉన్న గ్రీన్ ఛానల్ గుండా నగలను ప్రకటించకుండా జారుకునేవారి మీద మాకూ సానుభూతి లేదు. పరిమితి దాటి తెచ్చిన ప్రతి గ్రాముకూ సుంకం కట్టాల్సిందే. కానీ సుంకం కట్టించుకోవడానికి నోటీసు ఎగ్గొట్టనవసరం లేదు.

అసలు ఇంతమంది మామూలు ప్రయాణికులు ఆ కౌంటర్ దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? ఏడాదికి పైగా విదేశాల్లో ఉండి వచ్చేవారు సుంకం లేకుండా తెచ్చుకోగల నగల విలువను 2013 బడ్జెట్‌లో పురుషులకు 50,000 రూపాయలుగా, మహిళలకు లక్ష రూపాయలుగా పెంచారు. 2016 నాటి బ్యాగేజ్ నిబంధనలు ఆ విలువలను అలాగే ఉంచి, పురుషులకు 20 గ్రాములు, మహిళలకు 40 గ్రాములు అన్న తూకాన్ని జత చేశాయి. 2013లో పది గ్రాముల మేలిమి బంగారం 30,000 రూపాయల దరిదాపుల్లో ఉండేది. 2025 అక్టోబరు నాటికి అది లక్షా ఇరవై వేలు దాటింది. అంటే కాగితం మీద 20 గ్రాములు, చేతిలో 50,000 రూపాయలకు వచ్చేది అరకాసు, అంటే నాలుగు గ్రాములు. మామూలు గొలుసు వేసుకుని వచ్చిన మనిషి కూడా లెక్క ప్రకారం పరిమితి దాటినవాడే. మనుషులు మారలేదు, వారి నగలు మారలేదు. ధర పెరిగింది, ప్రభుత్వం కదలలేదు, జనం తప్పు చేసినవారయ్యారు. నిబంధనలను పునఃపరిశీలించాలని హైకోర్టు చెప్పాక, చివరికి 2026 ఫిబ్రవరిలో కొత్త నిబంధనలు తెచ్చి విలువ పరిమితిని ఎత్తివేశారు, తూకాన్ని మాత్రం ఉంచారు. మంచి పని, ఆలస్యంగా చేసిన మంచి పని. ఆ మధ్యకాలంలో అచ్చు కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్లినవారికి దీనివల్ల ఒరిగిందేమీ లేదు.

సుంకం కట్టాల్సిన సరుకు ప్రకటించే రెడ్ ఛానల్‌కు నిజాయతీగా వెళ్లి నగలు చూపించేవారి దారి కూడా సాఫీగా లేదు. ఆరు నెలలకు పైగా విదేశంలో ఉండి వచ్చినవారికి రాయితీ సుంకం ఉంది గానీ దాన్ని విదేశీ కరెన్సీలోనే చెల్లించాలి. చేతిలో ఉన్న దినార్లన్నీ పెట్టి నగ కొన్న మనిషి సుంకానికి మళ్లీ దినార్లు ఎక్కడినుంచి తెస్తాడు? ఇక్కడి నుంచి వేసుకెళ్లిన సొంత నగలకు వెళ్లేటప్పుడే ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరుగు ప్రయాణంలో చిక్కు ఉండదు. ఈ సంగతి మొదటిసారి విమానం ఎక్కేవారిలో ఎంతమందికి తెలుసు? బయలుదేరే హాలులో పెర్ఫ్యూమ్ ప్రకటనలకు గోడలు చాలవు. ఈ ఒక్క వాక్యాన్ని తెలుగులో రాసి పెట్టడానికి మాత్రం చోటు దొరకదు.

ఇప్పుడు పెద్దవారి సంగతి. 2020 జూలైలో తిరువనంతపురం విమానాశ్రయంలో దౌత్య సామగ్రి పేరుతో వచ్చిన పెట్టెలో 30 కిలోల బంగారం బయటపడింది. 2025 మార్చిలో బెంగళూరులో ఒక సినీనటి వద్ద 14 కిలోలకు పైగా బంగారం దొరికింది. తనిఖీ తప్పించుకోవడానికి పోలీసు ప్రోటోకాల్ సదుపాయం వాడుకున్నారని ఆరోపణలు వచ్చాయి. ఆ కేసుల్లో నోటీసులు వెళ్లాయి, న్యాయవాదులు వాదించారు. అలాగే జరగాలి, ఎంత తీవ్రమైన ఆరోపణ ఉన్నా నోటీసు అందాల్సిందే. మేము అడిగేది ఒక్కటే. 14 కిలోల కేసులో పాటించిన చట్టం 14 గ్రాముల దగ్గర ఎందుకు పక్కకు తప్పుకోవాలి? కిలోలు తెచ్చారన్న ఆరోపణ ఎదుర్కొనేవారికి నోటీసు, నాలుగు గాజులు తెచ్చినవారికి అచ్చు కాగితమా?

శ్రీలంకకు చెందిన నవవధువు మెడలోని తాళి గొలుసును చెన్నై విమానాశ్రయంలో తీయించిన కేసులో మద్రాసు హైకోర్టు 2025లో అధికారులను గట్టిగా మందలించి, నగను తిరిగి ఇచ్చేయమంది. ఆమె కోర్టుకు వెళ్లగలిగింది. తాళి తీసి త్రాసులో పెట్టిన చేతికి ఆ క్షణాన జంకు ఎందుకు కలగలేదో ఆ శాఖ ఆలోచించుకోవాలి. కోర్టుకు వెళ్లలేని వారి గొలుసులు ఎన్ని గోదాముల్లో ఉన్నాయో కూడా లెక్క చెప్పాలి.

ఇది నగలతో ఆగే వ్యవహారం కాదు కాబట్టే ఇంతగా చెబుతున్నాం. కస్టమ్స్ కౌంటర్‌లో చెల్లిన కాగితం రేపు భూసేకరణ కార్యాలయంలో ప్రత్యక్షమవుతుంది. అభ్యంతరాలు లేవు, విచారణ అక్కర్లేదు అని రైతు పేరిట ముందే అచ్చవుతుంది. ఆ తర్వాత పింఛను తొలగించేటప్పుడు, ఇంటిపట్టా రద్దు చేసేటప్పుడు వస్తుంది. నోటీసు ఇవ్వడం, మాట వినడం అధికారికి శ్రమ. ఆ శ్రమను తప్పించే కాగితం ఒక శాఖకు అలవాటైతే మిగతా శాఖలు నేర్చుకోవడానికి ఎంతో కాలం పట్టదు. ఢిల్లీలో కోర్టు కొట్టేసింది కదా అని మిగతా చోట్ల ధీమాగా ఉండలేం. ఒక హైకోర్టు తీర్పు మరో రాష్ట్రంలోని కౌంటర్ దాకా తనంతట తాను నడిచి రాదు. ఆ తీర్పును అమలు చేయమని పైనుంచి ఆదేశం రావాలి.

ఆ ఆదేశం ఇవ్వాల్సింది కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు. శంషాబాద్ కావచ్చు, గన్నవరం కావచ్చు, విశాఖ కావచ్చు, ఎక్కడ ఆ కాగితం కట్ట మిగిలి ఉన్నా తీసేయించాలి. ఇప్పటివరకు ఆ సంతకాల ఆధారంగా నోటీసు లేకుండా ఉంచేసిన నగల జాబితా బయటపెట్టాలి. గడువు తీరినవాటిని, ప్రయాణికులు కోర్టుల చుట్టూ తిరగకుండానే, రావాల్సిన సుంకం తీసుకుని ఇచ్చేయాలి. 50,000 రూపాయలన్న అంకెను మార్చడానికి ఢిల్లీలోని పెద్దలకు పదమూడేళ్లు పట్టింది. ఆ పదమూడేళ్లూ ఎడారి ఎండలో చాకిరీ చేసి డబ్బు పంపినవారినే త్రాసు ముందు నిలబెట్టారు. ఇప్పుడు కనీసం వారికి ఒక నోటీసు ఇవ్వండి, వారికి అర్థమయ్యే భాషలో ఇవ్వండి, వారు చెప్పేది కూర్చోబెట్టి వినండి.