హాలోజన్ తెచ్చేది ఒట్టి బరువేనా?

పరీక్షలకు చదివే పిల్లల మధ్య హాలోజన్ల (ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్) గురించి ఒక నోట్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "బెంజీన్ వలయానికి హాలోజన్ తగిలిస్తే అణువు బరువెక్కుతుంది, అందుకే స్ఫటికం ఎక్కువ వేడికి గానీ కరగదు. హాలోజన్లన్నీ నెగటివ్ కాబట్టి స్ఫటికంలో ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఫ్లోరిన్ అయినా అయోడిన్ అయినా తేడా సైజులోనే."

ముందు బరువు సంగతి. ఆరు కార్బన్ల బెంజీన్ వలయానికి రెండు క్లోరిన్లు తగిలించిన డైక్లోరోబెంజీన్‌కు మూడు రూపాలున్నాయి, మూడింటి బరువూ ఒకటే. క్లోరిన్లు ఎదురెదురుగా ఉన్న పారా 53 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పక్కపక్కన ఉన్న ఆర్థో మైనస్ 17, మధ్యలో ఒక కార్బన్ వదిలి ఉన్న మెటా మైనస్ 25 దగ్గరే కరిగిపోతాయి. పారా అణువుకు సౌష్ఠవం ఎక్కువ, స్ఫటికంలో చక్కగా ఒదుగుతుంది. పారాలోనే క్లోరిన్ బదులు బ్రోమిన్ పెడితే 87, అయోడిన్ పెడితే 131 అవుతుంది కదా అంటారు. నిజమే, కానీ అక్కడ పెరిగింది బరువొక్కటే కాదు, అణువుల మధ్య ఆకర్షణ కూడా.

రెండోదే అసలు పొరపాటు. కార్బన్‌ను పట్టుకున్న హాలోజన్ చుట్టూ ఎలక్ట్రాన్లు సమానంగా పరుచుకోవు. నడుము చుట్టూ ఎక్కువ, బంధానికి సరిగ్గా అవతలి కొసన, అంటే నెత్తిన, తక్కువ. పెద్ద హాలోజన్లలో ఆ నెత్తి పాజిటివ్‌గా ఉంటుంది. దాన్నే సిగ్మా హోల్ అంటారు. అందుకే చాలా స్ఫటికాల్లో ఒక హాలోజన్ నెత్తి ఇంకోదాని నడుముకు ఆనుకుని కనిపిస్తుంది. తోసేసుకునేవి అలా ఆనుకుంటాయా?

నెత్తికి నైట్రోజన్ దొరికితే పట్టు ఇంకా గట్టిది. నాలుగు ఫ్లోరిన్లు, ఎదురెదురుగా రెండు అయోడిన్లు ఉన్న బెంజీన్‌ను, రెండు కొసల్లోనూ నైట్రోజన్ ఉన్న బైపిరిడీన్‌తో కలిపి స్ఫటికం చేస్తే, అణువులు ఒకదాని తర్వాత ఒకటిగా గొలుసు కడతాయి. అయోడిన్, నైట్రోజన్ మామూలుగా తాకే దూరం 3.53 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). ఇక్కడ 2.85 దాకా వచ్చేస్తాయి, అదీ దాదాపు తిన్నగా. ఈ హాలోజన్ బంధానికి 2013లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపీఏసీ నిర్వచనం కూడా ఇచ్చింది.

మూడోది, సైజు. సైజుకు విలువ లేదని కాదు. క్లోరిన్ చోట దాదాపు అంతే సైజున్న మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపు) పెట్టినా స్ఫటికం మారని సందర్భాలు ఉన్నాయి. కానీ ఫ్లోరిన్ దారి వేరు. దాని నెత్తిన పాజిటివ్ దాదాపు ఉండదు, అది మార్చేది వలయం ముఖాన్ని, అంటే దాని చదును వైపును. బెంజీన్ ముఖం నెగటివ్, ఆరు ఫ్లోరిన్లున్న హెక్సాఫ్లోరోబెంజీన్ ముఖం పాజిటివ్. అణుభారాలు 78, 186 అయినా రెండూ కరిగేది 5 డిగ్రీల దగ్గరే (బరువు వాదం ఇక్కడ కూడా నిలవదు). సమానంగా కలిపితే మాత్రం అణువులు ఒకటి విడిచి ఒకటి దొంతరగా పేరుకుంటాయి. 24 డిగ్రీలకు గానీ కరగని స్ఫటికం వస్తుందని 1960లోనే తేలింది.