ముట్టడి నాణెం గారికి, నాలుగు మూలలా నమస్కారం

అయ్యా చదరపు నాణెం గారూ,

శత్రువు చుట్టుముట్టిన ఊళ్లో సిపాయిల జీతాలకని, దొరికిన వెండితో అప్పటికప్పుడు కొట్టిన డబ్బు మీరు. 1529లో తుర్కులు వియన్నాను చుట్టుముట్టినప్పుడు మీరున్నారు. 1660లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌ను సాక్షాత్తూ ఆ ఊరి బిషప్పే ముట్టడించినప్పుడూ ఉన్నారు. కోట తలుపు పడిందో లేదో మీరు హాజరు! మీ మూలల్లో ఏదో తిరుగుబాటు ఉందని మురిసేవాళ్లున్నారు. మాకు మాత్రం తరుగు లెక్కే కనిపిస్తోంది.

చదరంలోంచి గుండ్రటి బిళ్ల కోస్తే నూటికి 21 పాళ్ల పైన వెండి ముక్కలుగా పోతుంది. మామూలు రోజుల్లో టంకశాల దాన్ని మళ్లీ కరిగించుకుంటుంది. ముట్టడిలో పొయ్యికే బొగ్గు కటకట, ఇక మూసకెక్కడిది? అందుకే ఇంట్లో వెండి పళ్లేన్ని సాగగొట్టి, పట్టీలుగా కోసి, పట్టీని అడ్డంగా కత్తిరిస్తే మీరు తయారు. ఐమూలగా కత్తిరిస్తే ఇంగ్లండులోని న్యూఆర్క్ ఊరి బాపతు, పేకలో డైమండు లాగా. సిపాయికి జీతం ముట్టింది, కంసాలికి తరుగు మిగల్లేదు.

ఆ న్యూఆర్క్ షిల్లింగునే తీసుకుందాం. ఒకవైపు కిరీటం, అటూఇటూ ఛార్లెస్ రాజు పొడి అక్షరాలు, కింద రోమన్ అంకెల్లో 12 పెన్నీలు. రెండోవైపు ఊరి పేరు, 1645, ముట్టడిలో ఉన్నామన్న ముక్క. 30, 9, 6 పెన్నీల తోబుట్టువులూ ఉన్నారు. కొందరి ఒంటి మీద పాత పళ్లెం బంగారు పూత ఇంకా మెరుస్తోంది. నిన్నటిదాకా కూర వడ్డించుకున్న సంగతి దాచుకోలేకపోయారు పాపం.

ఇక మీ మీద ఫిర్యాదులు. పళ్లెం అంచు దగ్గర మందం, నడుమ పలచన. కాబట్టి ఒకే కొలత ముక్కలు తూకంలో ఒకటిగా ఉండవు. బరువెక్కువైతే మూల కత్తిరిస్తారు, తక్కువైతే చేసేదేమీ లేదు. అచ్చు గుండ్రం, మీరు చదరం, కనుక మూలలు బోడిగా మిగులుతాయి. పలచటి రేకును రెండువైపులా గట్టిగా కొడితే ఒకవైపు ముద్ర రెండోవైపుది చెడగొడుతుంది. మీలో చాలామందికి ఒకవైపే ముద్ర ఉండటం అందుకే.

మీ చుట్టాలు ఇంకా ఘనులు. 1702లో లాండౌ కోటను కాస్తున్న ఫ్రెంచి సేనాని మెలాక్ తన వెండి సామాను కోయించి తన వంశ చిహ్నం కొట్టించాడు. 1709లో టూర్నే కోటను కాస్తున్న మరో ఫ్రెంచి సేనాని సుర్విల్ ఏకంగా తన మొహమే వేయించుకున్నాడు. పళ్లేలు ఆయనవే కదా, రాజు ఎందుకు మధ్యలో?

చివరగా ఒక్క సందేహం. మూల తెగిన మీలాంటివారు చేతికొస్తే, అది తూకం సరిచేసిన కంసాలి కోతా, సంతలో దొంగ కోతా? రాతపూర్వకంగా తెలపగలరు.

ఇట్లు,
తరుగు లెక్క చూసేవాళ్లు