క్లిక్ గేమ్ చేయడం కోడింగ్ కాదా?

వరంగల్, హనుమకొండ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పిల్లలతో క్లిక్ గేమ్ (నొక్కిన కొద్దీ లెక్క పెరిగే ఆట) చేయించడం కోడింగ్ కాదు, బొమ్మలాట. నేరుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పాలి. గేమ్‌లు చేసే పిల్లలు గేమ్‌లకే అలవాటు పడతారు. ఇంగ్లిష్, మంచి ల్యాప్‌టాప్ లేనివాళ్లకు ఇదంతా దండగ" అని దాని సారాంశం. ఇది చదివి పిల్లల్ని మాన్పించినవాళ్లు ఉన్నారు. అందుకే ఈ జవాబు.

బొమ్మలాట సంగతి ముందు చూద్దాం. హనుమకొండలో నేను పిల్లలతో స్క్రాచ్‌లో బతుకమ్మ పూల గేమ్ చేయిస్తాను. స్క్రాచ్ అంటే టైప్ చేయకుండా, ఆదేశాలున్న బ్లాకులను ఒకదానికొకటి తగిలించి ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేర్. తెర మీద తంగేడు పువ్వు ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ "పూలు" అనే లెక్క ఒకటి పెరగాలి. దీనికి రెండే బ్లాకులు చాలు, ఈవెంటూ (నొక్కడం లాంటి సంఘటన) వేరియబులూ (మారే విలువను దాచే పేరు) అందులోనే వచ్చేస్తాయి. తర్వాత 10 పూలు ఇస్తే ఒక బుట్ట. బుట్ట ఉంటే క్లిక్‌కు రెండేసి పూలు. ఒక ఆరో తరగతి అమ్మాయి మూడు పూలు ఉండగానే బుట్ట నొక్కింది. "సార్, పూలు మైనస్ ఏడు అయినయ్, ఎట్ల?" అని అడిగింది. పది తీసెయ్యమన్నాం, కంప్యూటర్ తీసేసింది. అన్ని పూలు ఉన్నాయో లేదో చూడమని దానికి ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, తీసివేత బ్లాకును, షరతు నిజమైతేనే లోపలి పని చేసే "ఒకవేళ" బ్లాకు లోపలికి జరిపింది. స్క్రాచ్‌లో "ఎక్కువ లేదా సమానం" అనే బ్లాకు లేదు. కాబట్టి పూలు 9 కంటే ఎక్కువ ఉంటేనే అని పెట్టాలని కూడా తనే తేల్చుకుంది. తప్పు ఎక్కడుందో వెతికి, కారణం పట్టుకుని సరిచేయడం ప్రోగ్రామర్ రోజూ చేసే పనే.

పైథాన్ మంచి భాష. పిల్లలు కాస్త పెద్దయ్యాక నేనూ దానికే తీసుకెళ్తాను. కానీ పైథాన్‌లో తెర మీద నొక్కే పువ్వు కనిపించాలంటేనే టికింటర్, పైగేమ్ లాంటి అదనపు ఉపకరణాలు కావాలి. ఒక కోలన్ మరిచిపోతే ఎర్రర్ వస్తుంది. పదేళ్ల పిల్లల ఓపిక అంతా టైపింగ్‌కే అయిపోతుంది. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో స్క్రాచ్‌ను విడుదల చేసింది 8 నుంచి 16 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకునే.

అలవాటు పడతారన్న భయం మాత్రం ఉత్తది కాదు. క్లిక్ గేమ్‌లు చేతిని వదలనివ్వవు. 2013లో వచ్చిన కుకీ క్లికర్ అనే క్లిక్ గేమ్‌లో ఒక్కో వస్తువు కొన్న కొద్దీ దాని ధర 15 శాతం చొప్పున పెరుగుతుంది. "ఇంకొక్కటి కొందాం" అనిపించేది ఆ లెక్క వల్లే. మా పిల్లలు అదే లెక్కను తమ బుట్టకు పెడతారు. 10తో మొదలైన ధర ఐదు బుట్టలు కొనేసరికి 20 దాటుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది చక్రవడ్డీ అని వెంటనే తెలిసిపోతుంది. ధరను తామే పెంచి, స్నేహితులు ఎక్కడ విసుగొచ్చి ఆపేస్తున్నారో పక్కన కూర్చుని చూస్తారు. ఫోన్‌లో గేమ్ తమను ఎలా కూర్చోబెడుతోందో అర్థం కావడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి దారి లేదు. గేమ్ ఆడటం, గేమ్ చేయడం రెండూ ఒకటే అని రాసినవాళ్లు పిల్లల పక్కన ఒక్క గంట కూర్చుని చూడాలి.

ఇక ఇంగ్లిష్ అంటారా, ఈ గేమ్‌కు కావలసిన బ్లాకుల మీద ఉండేవి పట్టుమని పాతిక మాటలు. వేరియబుల్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు, మా పిల్లలు "పూలు", "బుట్ట" అనే పెడతారు. స్క్రాచ్ ఉచితం. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకున్నా నడుస్తుంది. చిన్న ఫోన్‌లో మాత్రం కుదరదు, కంప్యూటరో ట్యాబ్లెటో ఉండాలి. ఇంట్లో లేకపోతే ఇద్దరు ముగ్గురు పిల్లలను ఒకే కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టండి. ఒకరు మౌస్ పట్టుకుంటే పక్కవాళ్లు తప్పులు చూపిస్తారు.